రెండు పుస్తకముల లెక్క: సెల్‌ఫోనును కంప్యూటరును ఏకము చేయుట

ఒకే విషయమును రెండు పుస్తకములలో వ్రాసికొనువానికి రెట్టింపు పని యుండును. ఆ రెండును ఒకదానితో నొకటి సరిపోవుచున్నవో లేదో చూచుకొనుట మూడవ పని యగును. ఈ సంగతి అంగడి నడుపువారికిని, పాఠశాలలో హాజరుపట్టీ వ్రాయు ఉపాధ్యాయులకును చిరకాలముగా తెలిసినదే. నేడు మనలో అనేకులకు జేబులో సెల్‌ఫోనను ఒక పుస్తకమును, బల్లపై కంప్యూటరను మరియొక పుస్తకమును గలవు. పేర్లు, నంబర్లు, చిరునామాలు, సభలు జరుగు తేదీలు ఈ రెండింటను వ్రాసికొనుచున్నాము. ఈ రెండింటిని సరిచూచి ఏకము చేయు పనిని యంత్రములకే అప్పగించుటను వాడుకలో ‘సింకు చేయుట’ యందురు. అది ఎట్లు జరుగును, ఎందుచేత చెడును, చెడకుండ మనమేమి చేయవలెను అను మూడు ప్రశ్నలకు మాకు తెలిసినంతవరకు ఈ వ్యాసమున సమాధానము చెప్పుదుము.

ఈ విషయమును మేము చదివి నేర్చుకొనలేదు, దెబ్బతిని నేర్చుకొంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలోని పిల్లల తల్లిదండ్రుల నంబర్లన్నియు కంప్యూటరులో ఒక పట్టికగా వ్రాసి, దానిని మా ఫోనులోనికి ఎక్కించుకొంటిమి. ఆ యేడు రేపల్లె ప్రాంతమునుండి ఉదయపు రైలులో తెనాలికి వచ్చి చదువుకొను బాలుడొకని తండ్రి తన నంబరు మారినదని చెప్పగా, అప్పటికప్పుడే ఫోనులో దిద్దుకొంటిమి. కంప్యూటరులో దిద్దలేదు. రెండింటిని కలిపినచో అదియే సరియగునని తలచితిమి. ఆ శనివారము తీగ తగిలించి కలిపితిమి. పని పూర్తియైనదని తెరపై కనబడెను. మేమును నిశ్చింతగా నుంటిమి.

పదునైదు దినములకు ఆ బాలుడు ఆటస్థలమున పడి చేయి విరుగగొట్టుకొనెను. బాలుని ఆసుపత్రికి పంపి, ఫోను తీసి తండ్రి పేరుపై నొక్కితిమి. ఎవరో ఎరుగని స్త్రీ పలికి, ఆ పేరుగలవా రెవరును అక్కడ లేరనెను. చూడగా ఫోనులో నున్నది పాత నంబరే! మేము మా చేతులతో దిద్దిన క్రొత్త నంబరు ఎక్కడను లేదు. తుదకు కార్యాలయమునుండి ప్రవేశపు రిజిష్టరు తెప్పించి చూడగా, బాలుని పేరునకు ఎదురుగా అంచున మేనమామ నంబరు సిరాతో వ్రాసియుండెను. అతని మూలముగా తండ్రికి వార్త చేరుసరికి రెండు గంటలు గడచెను. ఆయన సాయంకాలమునకు ఆసుపత్రికి వచ్చి, కుమారుని కట్టు చూచి, మమ్ము ఒక్క నిష్ఠురమైనను ఆడలేదు. “నంబరు మారిందని మీతో చెప్పాను గదండీ, మాస్టారూ?” అని మాత్రము అడిగెను. “చెప్పారండీ” అనుట తప్ప మాకు వేరు సమాధానము లేకపోయెను.

ఆ రాత్రి మొదలుకొని ఈ యంత్రముల నడుమ ఏమి జరుగుచున్నదో తెలిసికొనవలెనని పట్టుబట్టితిమి. తెలిసినదానిని విద్యార్థులకు పరిచితమైన ఉదాహరణముతో చెప్పెదము.

ఒక తరగతికి రెండు పట్టీలున్నవనుకొందము. ఒకటి ఉపాధ్యాయునియొద్ద, రెండవది కార్యాలయమున గలదు. ఉపాధ్యాయుని పట్టీలో 41 పేర్లును, కార్యాలయపు పట్టీలో 40 పేర్లును ఉన్నవి. ఏది సరియైనది? ఒక క్రొత్త బాలుడు చేరగా ఉపాధ్యాయుడు వ్రాసికొని కార్యాలయమువారు వ్రాసికొనలేదా? లేక ఒక బాలుడు బడి మానగా కార్యాలయమువారు కొట్టివేసి ఉపాధ్యాయుడు కొట్టివేయలేదా? ఈ రెండు పట్టీలను ఎంతసేపు పరిశీలించినను ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు. గత పర్యాయము ఇద్దరును కూర్చుండి ఒప్పుకొన్న మూడవ పట్టీ యొకటి యున్నచో దొరకును. అందు ఆ పేరున్నచో బాలుడు మానినాడు. లేనిచో క్రొత్తగా చేరినాడు. యంత్రములును సరిగా ఇట్లే చేయును. ప్రతి పేరునకు ఎన్నటికిని మారని ఒక గుర్తు నిచ్చును. ఎప్పుడు దిద్దబడినదో వ్రాసికొనును. గత పర్యాయపు ఒప్పుదలను జ్ఞాపకముంచుకొనును. ఈ మూడింటిలో ఏది లోపించినను చిక్కు వచ్చును.

గుర్తు పోయినచో ఒకే మనిషి ఇద్దరగును. పేర్ల పట్టికలో ఒక్కొక్కరు రెండేసి, నాలుగేసి మారులు కనబడుట కిదియే ముఖ్యకారణము. కొట్టివేసిన పేరునకు గుర్తు మిగులకపోయినచో, అది రెండవ యంత్రమునుండి మరల తిరిగి వచ్చును. అందుచేతనే అనుభవముగల గుమాస్తా బడి మానినవాని పేరుపై ఒక గీత గీయునే గాని ఆ కాగితమును చింపివేయడు. మంచి సింకు పద్ధతియు తొలగించిన పేరునకు ఇట్టి గీత నొకదానిని కొంతకాలము దాచియుంచును.

ఇక జ్ఞాపకము పోయినచో జరుగునది మా కథయే. మేము ఆ శనివారమునకు ముందు కంప్యూటరును బాగుచేయించి తెచ్చియుంటిమి. దానితో గత పర్యాయపు ఒప్పుదల చెరిగిపోయెను. యంత్రమునకు అది మొదటి కలయికయే. తేడా కనబడిన ప్రతిచోటను తగవే. తగవు వచ్చినప్పుడు ఏ పక్షము నెగ్గవలెనని అది మొదటనే అడుగును. తొందరలో ‘కంప్యూటరు’ అను మాటపై నొక్కితిమి. ఆ యొక్క నొక్కుతో ఫోనులోని క్రొత్త నంబరు ఓడిపోయెను. యంత్రము తప్పు చేయలేదు. మేము చెప్పినట్లే చేసెను.

కొన్ని ఏర్పాటులలో తగవును గడియారము తీర్చును: కడపట దిద్దినదే నెగ్గును. ఇది న్యాయముగనే తోచును గాని గడియారము సరిగా నున్నంతవరకే న్యాయము. పాత కంప్యూటరులో గడియారమును నడుపు నాణెమువంటి చిన్న బ్యాటరీ యొకటి యుండును. అది అయిపోయినచో, విద్యుత్తు తీసివేసిన ప్రతిసారియు తేదీ ఎన్నో సంవత్సరములు వెనుకకు పోవును. అట్టి కంప్యూటరులో ఈ ఉదయము దిద్దినదికూడ పూర్వకాలపు దిద్దుబాటుగా ఎంచబడి ఓడిపోవచ్చును. తేదీ తప్పుగా చూపు కంప్యూటరును దేనితోను కలుపరాదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కులును కొన్ని గలవు. మొదటిది నంబర్లు. ఒకే సెల్‌ఫోను నంబరును ఒకరు 10 అంకెలుగను, మరియొకరు ముందు సున్న చేర్చియు, వేరొకరు +91 చేర్చియు వ్రాసికొందురు. 2021 జనవరి 15 మొదలుకొని ఇంటి ఫోనునుండి సెల్‌ఫోనునకు పిలుచునప్పుడు ముందు సున్న చేర్చవలెనను నియమము వచ్చినందున, సున్నతో వ్రాసికొనువారు హెచ్చయిరి. మనకు మూడును ఒకటే. తెలివితక్కువ సింకునకు మూడును వేర్వేరు. ఇంటి ఫోనులకు తెనాలి కోడు 08644, బాపట్లకు 08643, రేపల్లెకు 08648. తెనాలిలో నుండి తెనాలికి పిలుచువారు కోడు లేక మిగిలిన ఆరంకెలు మాత్రమే వ్రాసికొనుచుండిరి. ఆ పట్టిక సెల్‌ఫోనులోని కెక్కినప్పుడు ఆ ఆరంకెలతో పని జరుగదు. కావున ప్రతి నంబరును +91తోనే వ్రాసికొనుట మేలు. ఇంటి ఫోనునకైనచో +91 తరువాత కోడులోని మొదటి సున్నను విడిచి వ్రాయవలెను.

రెండవది పేర్లు. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. ఈ యంత్రములను కల్పించిన దేశములలో సొంత పేరు ముందు, కుటుంబనామము తరువాత. రెండింటికిని వేర్వేరు గళ్లుండును. ఒక యంత్రములో సుబ్బారావుగారి ఇంటిపేరు మొదటి గడిలో పడును. రెండవ యంత్రములో రెండవ గడిలో పడును. గుర్తు పోయిన దినమున ఈ రెండింటిని ఒకరిగా పోల్చుకొనుట యంత్రమునకు కష్టము. వెంకటేశ్వరరావను పేరును ఇంగ్లీషు అక్షరములలో ఎన్ని విధముల వ్రాయుదురో మన విద్యార్థుల సర్టిఫికెట్లు చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

మూడవది మన లిపి. 1991లో వెలువడిన యూనికోడు మొదటి రూపముననే తెలుగునకు స్థానము దొరకెను. ఆ పద్ధతిలో ‘లక్ష్మి’ అను పేరు కంటికి రెండే అక్షరములైనను యంత్రమునకు ఏడు సంకేతములు: ల, క, ఒక పొల్లు, ష, మరియొక పొల్లు, మ, గుడి. నేడు విరివిగా వాడబడు యూటీఎఫ్-8 అను వ్రాతలో తెలుగు సంకేత మొక్కొక్కటి మూడు బైట్లు పట్టును. అనగా ఈ పేరునకు 21 బైట్లు. పాత ఫోనులు పేర్లను బయటికి పంపునప్పుడు ఒక్కొక్క బైటును మూడేసి గుర్తులుగా విడదీసి వ్రాయుచుండెను. అప్పుడు 63 గుర్తులగును. సుమారు 75 గుర్తులకు మించిన పంక్తిని విరిచి క్రింది పంక్తిలో కొనసాగింపవలెనని నియమము. ఇంటిపేరుతో కూడిన తెలుగు పేరు ఆ హద్దును సులభముగా దాటును. విరిచిన పంక్తులను తిరిగి అతుకుట తెలియని ప్రోగ్రాము చదివినచో పేరులో సగము పోవును, లేదా ప్రశ్నార్థకములును గడులును మిగులును. పాత ఫోనునుండి క్రొత్తదానికి మార్చునప్పుడు ఇంగ్లీషు పేర్లు చక్కగా వచ్చి తెలుగు పేర్లు మాత్రమే చెడుటకు ఇదియొక కారణము.

నాలుగవది కాలము. మన దేశపు ప్రామాణికకాలము గ్రీనిచి కాలమునకు 5 గంటల 30 నిమిషములు ముందుండును. ఇది 1906 జనవరి 1న అమలులోనికి వచ్చెను. అంతకుముందు రైళ్లు మదరాసు కాలము ననుసరించి నడచుచుండెను. అది ఇప్పటి కాలమునకు సుమారు 9 నిమిషములు వెనుక. అప్పుడు ప్రయాణికులకు తొమ్మిది నిమిషముల తేడా. ఇప్పుడు మన క్యాలెండరునకు ఒక దినము తేడా రావచ్చును! ఎట్లనగా, డిసెంబరు 25 అని దినమంతటికి వ్రాసిన పండుగను ఒక ప్రోగ్రాము ‘డిసెంబరు 25, అర్ధరాత్రి’ అని తలచును. ఆ క్షణమున గ్రీనిచిలో 24వ తేదీ సాయంకాలము 6 గంటల 30 నిమిషములు. రెండవ యంత్రము గ్రీనిచి కాలముపై నిలిచియున్నచో, పండుగను 24వ తేదీనాడు చూపును. మా కంప్యూటరు బాగుచేసి వచ్చిన పిమ్మట గ్రీనిచి కాలముమీదనే యుండెను. బాపట్లలో శనివారము జరుగవలసిన ఉపాధ్యాయుల సమావేశమునకు మేము సెలవుపెట్టి శుక్రవారమే రైలెక్కి పోయి, మూసియున్న గేటు ముందు నిలిచితిమి. కావలివాడు మమ్ము చూచి జాలిపడి మంచినీళ్లిచ్చెను. మరునాడు మరల పోక తప్పినది కాదు.

క్యాలెండరునకే సంబంధించినది మరియొకటి. నెలనెల రెండవ శనివారము సెలవు. రెండవ శనివారము ఒక నెల 9వ తేదీన రావచ్చును, మరియొక నెల 13వ తేదీన రావచ్చును. దీనిని ‘ప్రతి మాసమున రెండవ శనివారము’ అనియే వ్రాయవలెను. ‘ప్రతి మాసమున 13వ తేదీ’ అని వ్రాసినచో, లేదా సరిగా చదువలేని ప్రోగ్రామొకటి అట్లు మార్చినచో, మరుసటి నెల మనము సెలవునాడు బడికి వచ్చుటయో, బడినాడు ఇంట నుండుటయో జరుగును.

ఇన్ని చిక్కులున్నవని పెద్దలు ఎరుగకపోలేదు. 1996లో వెలువడిన పామ్ పైలట్ అను చేతియంత్రమును చిన్న పీఠముపై నిలిపి ఒక మీట నొక్కినంతనే, దానిలోని పేర్లును తేదీలును కంప్యూటరులోని వానితో కలియుచుండెను. అది ఒక యంత్రమునకు ఒక కంప్యూటరుతో గల స్నేహము. అందరు యంత్రములకును ఒక ఉమ్మడి వ్రాత కావలెనని ఆపిల్, ఏటీ అండ్ టీ, ఐబీఎం, సీమెన్స్ సంస్థలు కూడి పేర్లు, చిరునామాల కొరకు వీకార్డు అను పద్ధతిని ఏర్పరచినవి. తేదీల కొరకు 1998లో ఐక్యాలెండరు ప్రమాణమును, కలయిక కొరకు 2000లో సింక్‌ఎంఎల్ అనునదియు వెలువడెను. తరువాత ఇంటర్నెట్టుపై నుండు సర్వరుతో కలియుటకు తేదీలకు 2007లో క్యాల్‌డావ్, పేర్లకు 2011లో కార్డ్‌డావ్ ప్రమాణములు వచ్చినవి. రెండవ శనివారమును వ్రాయు విధమును, దినమంతటి పండుగను గంటలు లేక వట్టి తేదీగా వ్రాయు విధమును ఐక్యాలెండరులో గలవు. ఐనను ప్రమాణము వ్యాకరణమువంటిది. వ్యాకరణము పుస్తకమున నున్నంత మాత్రమున అందరు పిల్లలును తప్పులు లేక వ్రాయుదురా?

నేటి పద్ధతిలో ఫోనును కంప్యూటరును నేరుగా మాటలాడుకొనవు. రెండును దూరముననున్న ఒక సర్వరులోని మన ఖాతాను చూచుకొనును. పాఠశాలలో రెండు పట్టీలకు మారుగా ఒకే పెద్ద రిజిష్టరు నుంచి, ఇద్దరును దానినే వచ్చి చూచుకొన్నట్లు ఇది యుండును. దీనివలన పూర్వపు బాధ చాలవరకు తగ్గినది. కాని క్రొత్త బాధ యొకటి వచ్చినది. ఫోనులో క్రొత్త పేరు వ్రాయునప్పుడు అది మూడు చోట్ల ఎక్కడనైనను చేరవచ్చును: ఖాతాలో, ఫోనులో, లేక సిమ్ కార్డులో. ఖాతాలో చేరినదే కంప్యూటరునకు పోవును. ఫోనులో చేరినది ఆ ఫోనుతోనే యుండి, ఫోను పోయిన దినమున దానితోనే పోవును. సిమ్ కార్డులో చోటు మిక్కిలి స్వల్పము. సాధారణముగా ఒక పేరునకు ఒక నంబరు పట్టునంతే. “అంతయు సింకు చేసినాను, సగము పేర్లు రాలేదు” అని చెప్పువారిలో అనేకుల కష్టమిదియే. పేర్లు పోలేదు; వేరొక అరలో నున్నవి.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, మేము ఇప్పుడు పాటించుచున్న నియమములను చెప్పెదము. మొదటిది: కలుపుటకు ముందు రెండు పక్షముల ప్రతులను వేరుగా దాచుకొనవలెను. పేర్లను వీకార్డు ఫైలుగా బయటికి తీసి ఒక పెన్‌డ్రైవులో నుంచుటకు అయిదు నిమిషములు చాలును. రెండవది: ఏది మూలపుస్తకమో నిశ్చయించుకొనవలెను. ఒకే ఖాతాను మూలముగా నెంచి, క్రొత్త పేర్లు దానిలోనే చేరునట్లు ఫోనులో నిర్ణయించుకొనవలెను. మూడవది: రెండు యంత్రములలోను తేదీ, గంట, కాలమండలము సరిచూడవలెను. నాలుగవది: మొదట రెండు మూడు పేర్లతో పరీక్షించి, తెలుగు పేరొకటి, దినమంతటి పండుగ యొకటి సరిగా పోయినవని కన్నులార చూచిన పిమ్మటనే తక్కినవి కలుపవలెను. అయిదవది: ఒకే జత యంత్రములను రెండు వేర్వేరు మార్గములలో కలుపరాదు, ఒక మార్గమున పోయిన పేరు రెండవ మార్గమున క్రొత్తదై తిరిగివచ్చి, పట్టిక ఇంతింతై పెరిగిపోవును. పొరపాటు జరిగినచో కంగారుపడి మరల మరల కలుపక, మొదట సింకును ఆపవలెను. గూగుల్ ఖాతాలోని పేర్ల పట్టికను గడచిన 30 దినములలోని ఒక స్థితికి మరలించు సదుపాయము గలదు. ఐక్లౌడులోను పాత ప్రతిని తిరిగి తెచ్చుకొను మార్గము గలదు. ఆలస్యము చేసినచో ఆ గడువు దాటిపోవును.

ఐనను ఈ నియమములన్నియు పాటించినను మిగులు సంగతి యొకటి గలదు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల ప్రత్యేక జిల్లాయైనది. రేపల్లె ఆ జిల్లాలో చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. మా పట్టికలో రేపల్లెవారి చిరునామాలన్నిటను ‘గుంటూరు జిల్లా’ అనియే యుండెను. ఫోనులోను అదియే, కంప్యూటరులోను అదియే. రెండును చక్కగా ఏకీభవించినవి. రెండును ఒకే విధముగా తప్పినవి. సింకు దానిని ఎన్నడును పట్టియుండదు, ఏలయనగా దానికి తెలిసినది తేడా యొక్కటియే. రెండు పుస్తకములు సరిపోవుచున్నవని యంత్రము చెప్పగలదు. ఆ పుస్తకములు సత్యమును చెప్పుచున్నవని మనుష్యుడే చెప్పవలెను.

కావున ప్రతి సంవత్సరము బడి తెరచిన మొదటి వారమున మేము తల్లిదండ్రులను వరుసగా పిలిచి, నంబరును చిరునామాను బిగ్గరగా చదివి, ఔనన్న పిమ్మట టిక్కు పెట్టుకొనుచున్నాము. ఆ పట్టికను కాగితముపై అచ్చువేసి, ప్రవేశపు రిజిష్టరులో నుంచుచున్నాము. తల్లిదండ్రులకు మా మనవి యేమనగా, నంబరు మారిన దినముననే పాఠశాలకు తెలియజేయుడు; నోటిమాటతో ఊరకొనక కాగితముపై వ్రాసి పంపుడు; తండ్రి నంబరుతోపాటు మరియొక బంధువు నంబరును ఇయ్యుడు. విద్యార్థులకు చెప్పవలసినది మరింత చిన్నది: మీ ఇంటి నంబరును ఫోనులో మాత్రమే గాక మనస్సులోకూడ వ్రాసికొనుడు.

ఆ బాలుని చేయి ఆరు వారములకు అతికినది. అతడు కట్టు విప్పిన మరునాడు బడికి వచ్చి, తండ్రి పంపిన చీటి యొకటి మా చేతికిచ్చెను. అందు నంబరు తప్ప మరేమియు లేదు. దానిని ఫోనులోను, కంప్యూటరులోను వ్రాసికొని, పిమ్మట కార్యాలయమునకు పోయి, మేనమామ నంబరు ప్రక్కన సిరాతోకూడ వ్రాసితిమి.